దాగిన మిత్రులు: మేరీ హాల్ ఎట్స్ చిత్రపుస్తకం ‘ఇన్ ద ఫారెస్ట్’లో దాగుడుమూతలు – స్నేహభావన

వ్యాససంగ్రహం: అమెరికన్ రచయిత్రి, చిత్రకారిణి మేరీ హాల్ ఎట్స్ 1944లో వెలువరించిన ‘ఇన్ ద ఫారెస్ట్’ చిత్రపుస్తకం ఒక బాలుడు, కొన్ని అడవి జంతువులు కలసి ఆడే దాగుడుమూతల ఆటతో ముగుస్తుంది. బాలుడు కళ్లు తెరిచేసరికి జంతువులు కనిపించవు, తండ్రి కనిపిస్తాడు. ఈ ముగింపును కల చెదరడంగా, ఊహనుంచి వాస్తవంలోకి రావడంగా వ్యాఖ్యానించడం సులభం. పుస్తకంలోని ఆధారాలు ఆ వ్యాఖ్యను సమర్థించవని, కనబడని మిత్రుణ్ణి ‘లేనివాడు’గా కాక ‘దాగినవాడు’గా భావించే స్నేహదృష్టి ఇందులో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు దాగుడుమూతల ఆటలోని పాత్రలు, భాగవతంలోని చల్దుల ఘట్టం ఆధారంగా తెలుగు పాఠకుడు ఈ పుస్తకాన్ని ఎలా చదవగలడో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బాలసాహిత్యం, చిత్రపుస్తకం, దాగుడుమూతలు, స్నేహం, అనువాదం, మేరీ హాల్ ఎట్స్.

1. ప్రవేశిక

తెలుగు బాలసాహిత్య విమర్శ కథను చదివినంత శ్రద్ధగా బొమ్మను చదవలేదు. ‘సచిత్ర పుస్తకం’, ‘చిత్రపుస్తకం’ అనే మాటలను మనం తరచు ఒకే అర్థంలో వాడుతుంటాం. మొదటిదానిలో కథ ముందుగానే సంపూర్ణంగా ఉంటుంది. బొమ్మ దానికి అలంకారం. చందమామ కథలకు చిత్ర, శంకర్ వేసిన బొమ్మలు ఎంత మనోహరమైనవైనా, ఆ కథలను బొమ్మ చూపకుండా చదివి వినిపించవచ్చు. మన ఇళ్లలో వినిపించారు కూడా. రెండవదాని సంగతి వేరు. అక్కడ మాట కొంత చెప్పి ఆగుతుంది, బొమ్మ మరికొంత చెబుతుంది, మిగిలినది పాఠకుడు పుట తిప్పడంలో జరుగుతుంది. బార్బరా బేడర్ 1976లో అమెరికన్ చిత్రపుస్తకాల చరిత్ర రాస్తూ, పుట తిప్పడంలోని నాటకీయతను ఈ ప్రక్రియ నిర్వచనంలోనే చేర్చింది. పెర్రీ నోడెల్మన్ 1988లో వెలువరించిన ‘వర్డ్స్ అబౌట్ పిక్చర్స్’ మాటకూ బొమ్మకూ మధ్యగల సంబంధాన్ని శాస్త్రీయంగా చర్చించింది. ఈ రెండు గ్రంథాల తరువాత చిత్రపుస్తకాన్ని ‘చిన్నపిల్లల బొమ్మల పుస్తకం’ అని పక్కన పెట్టడం పరిశోధకుడికి సాధ్యం కాదు.

దాగుడుమూతలకూ చిత్రపుస్తకానికీ సహజమైన చుట్టరికం ఉంది. ఒక పుటలో ఉన్నది తరువాతి పుటలో లేకపోవచ్చు. లేదనుకున్నది పుట తిప్పగానే ప్రత్యక్షం కావచ్చు. ఎరిక్ హిల్ ‘వేర్ ఈజ్ స్పాట్?’ (1980)లో కాగితపు మూతలు ఎత్తి కుక్కపిల్లను వెతికే పసివాడు నిజంగానే ఆట ఆడుతున్నాడు. అయితే అటువంటి పుస్తకాలలో వెతకడం ఫలిస్తుంది. దాగినది దొరుకుతుంది, పుస్తకం ముగుస్తుంది. ఎట్స్ పుస్తకంలో వెతకడం మొదలుకాకముందే ఆట ఆగిపోతుంది. మిత్రులు ఎవరూ దొరకరు. అయినా పుస్తకం మూసిన పిల్లవాడు ఏడవడు. ఎందుకు ఏడవడు అన్నదే ఈ వ్యాసానికి ప్రేరణ.

2. రచయిత్రి, కథ

మేరీ హాల్ ఎట్స్ (1895–1984) అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో జన్మించింది. చిత్రకళను అభ్యసించిన ఆమె సామాజిక కార్యకర్తగానూ పనిచేసింది. షికాగోలో వలసకార్మికుల మధ్య పనిచేసిన కాలంలో పరిచయమైన ఒక ఇటాలియన్ స్త్రీ చెప్పిన జీవితకథను ఆమె అక్షరబద్ధం చేసి, చాలాకాలం తరువాత, 1970లో ‘రోసా’ అనే గ్రంథంగా ప్రచురించింది. మరొకరి గొంతును చెదరగొట్టకుండా వినగలగడం ఆమెకు వృత్తి నేర్పిన విద్య అనుకోవచ్చు. ఆమె తొలి చిత్రపుస్తకం ‘మిస్టర్ పెన్నీ’ 1935లో వెలువడింది. అరోరా లబాస్తీదాతో కలసి రచించిన మెక్సికో నేపథ్యపు పుస్తకం ‘నైన్ డేస్ టు క్రిస్మస్’ (1959)కు 1960లో కాల్డికాట్ పతకం లభించింది. ‘ఇన్ ద ఫారెస్ట్’ను వైకింగ్ సంస్థ 1944లో ప్రచురించగా, మరుసటి ఏడు అది కాల్డికాట్ పోటీలో పతకానికి తరువాతి స్థాయి గౌరవం పొందింది.

కథ చాలా చిన్నది. కొత్త బూర, కాగితపు టోపీ ఉన్న ఒక బాలుడు అడవిలో షికారుకు బయలుదేరుతాడు. కథ చెప్పేది అతడే. అతని పేరు ఎక్కడా రాదు. బూర శబ్దానికి నిద్రపోతున్న సింహం మేలుకొని, తల దువ్వుకుంటే తననూ వెంట రానిస్తావా అని అడుగుతుంది. స్నానం చేస్తున్న రెండు ఏనుగు పిల్లలు చెవులు తుడుచుకుని వస్తాయి. చెట్టుకింద వేరుసెనగకాయలు లెక్కపెడుతూ జామ్ తింటున్న రెండు ఎలుగుబంట్లు, పిల్లకు గంతులు నేర్పుతున్న కంగారూ దంపతులు, చెరువు దగ్గర కదలక నిలిచిన ముసలి కొంగ, ఆదివారపు దుస్తులు వేసుకున్న రెండు కోతులు, చివరగా పొదచాటునుంచి తొంగిచూసిన కుందేలు – అందరూ ఊరేగింపులో చేరతారు. ఎవరో వనభోజనాలు చేసుకున్న చోట ఆగి తినుబండారాలు ఆరగిస్తారు. తరువాత ఆటలు: వలయంగా ఉన్నవారి వెనుక చేతిరుమాలు పడవేసే ఆట, ఇద్దరు చేతులు కలిపి వంతెనగా నిలిచే ఆట, చివరికి దాగుడుమూతలు. వెతికే వంతు బాలుడిది. గడువు ముగిసి కళ్లు తెరిస్తే ఒక్క జంతువూ లేదు. అతణ్ణి వెతుక్కుంటూ వచ్చిన తండ్రి ఉన్నాడు. ఎవరితో మాట్లాడుతున్నావని తండ్రి అడుగుతాడు. జంతువులతోనని, అవన్నీ దాక్కున్నాయని బాలుడు చెబుతాడు. పొద్దుపోయింది, ఇంటికి వెళ్లాలి, నువ్వు మళ్లీ వచ్చేదాకా బహుశా అవి ఆగుతాయిలే అంటాడు తండ్రి. తండ్రి భుజాలమీద ఎక్కి ఇంటిముఖం పట్టిన బాలుడు, ఎక్కడికీ పోవద్దనీ మరోనాడు వచ్చి వెతుకుతాననీ మిత్రులకు కేకవేసి చెబుతాడు.

బొమ్మలు పూర్తిగా నలుపు తెలుపులలో ఉంటాయి. కాగితంమీద బాటిక్ పద్ధతి అని పేరుపొందిన ప్రక్రియలో వేసిన ఈ బొమ్మలలో అడవి దట్టమైన నీడల రాశిలా కనిపిస్తుంది. రంగులు లేకపోవడం ఇక్కడ లోపం కాదు. ఇంత చీకటి ఉన్న అడవిలో ఎవరైనా దాక్కోవచ్చుననే నమ్మకాన్ని ఆ నలుపే కలిగిస్తుంది. ముగింపులో బాలుడు చెప్పబోయే మాటకు బొమ్మలు మొదటినుంచి సాక్ష్యం సమకూరుస్తూ వచ్చాయన్నమాట.

3. ఊరేగింపు: స్నేహం కూడుకొనే తీరు

కథాశాస్త్ర దృష్టిలో ఇది సంచయకథ. ఒక్కొక్క అంశం చేరుతూ పోయే ఇటువంటి నిర్మాణం తెలుగువారికి కొత్త కాదు. ‘ఏడు చేపల కథ’ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు ఒకప్పుడు అరుదు. అయితే ఆ కథలో గొలుసు ఏ దిశలో సాగుతుందో గమనించాలి. ప్రతి ప్రశ్నకూ సమాధానం మరొకరిమీద నెపం. చేప ఎండకపోవడానికి మోపు, మోపు తొలగకపోవడానికి ఆవు, అలా చీమదాకా. కారణాల వెంట వెనక్కి నడిచే గొలుసు అది. ఎట్స్ కథలో కారణమే లేదు. సింహం ఎందుకు రావాలి? బూర విన్నది, రావాలనిపించింది. బాలుడు ఏ జంతువుకూ మేలు చేయలేదు, ఏ జంతువునూ ఆపదనుంచి రక్షించలేదు. మన పంచతంత్ర ‘మిత్రలాభం’లో స్నేహం ప్రయోజనంతో ముడిపడి ఉంటుంది, వలను ఎలుక కొరుకుతుంది, కాకి కబురు తెస్తుంది. ఆ నీతికథల పరంపరలో పెరిగిన విమర్శకుడికి ఈ నిష్ప్రయోజన స్నేహం కొంత తేలికగా తోచవచ్చు. కాని ఆరేడేళ్లలోపు పిల్లలు స్నేహం చేసే పద్ధతి ఇదే. ‘నేనూ రానా?’ అన్న ఒక్క ప్రశ్న చాలు.

చేరే ముందు ప్రతి జంతువూ ముస్తాబవుతుంది. ఇది కేవలం హాస్యం కోసం కాదు. తల దువ్వడం, చెవులు తుడవడం, మంచి బట్టలు తొడగడం – ఇవన్నీ పిల్లలను బయటికి తీసుకువెళ్లే ముందు పెద్దలు వారికి చేసే పనులు. ఇక్కడ వాటిని జంతువులు తమకు తామే చేసుకుంటాయి, అదీ సగం సగంగా: ఒక ఏనుగు పిల్ల స్వెటర్ తొడిగితే మరొకటి బూట్లు తొడుగుతుంది. ఎవరూ సరిదిద్దరు. పెద్దల క్రమశిక్షణను పిల్లలు ఆటగా మార్చుకునే తీరు ఇంత సూటిగా చూపిన పుటలు అరుదు. మన ‘బుడుగు’ కూడా ‘నేను’ అని చెప్పుకునే పిల్లవాడే. అయితే ముళ్లపూడి వెంకటరమణ ఆ గొంతులో పిల్లవాడికి తెలియని వ్యంగ్యాన్ని పెద్దల కోసం దాచి ఉంచాడు. ఎట్స్ బాలుడి తలమీదుగా పెద్దలతో కన్నుగీటదు. ‘రోసా’ కథను విని రాసిన చెవి ఇక్కడా పనిచేసిందనిపిస్తుంది.

ఊరేగింపులో అందరూ తలా ఒక శబ్దం చేస్తారు: బూర, గర్జన, ఘీంకారం, డోలు, కొంగ ముక్కు టకటకలు, కోతుల చప్పట్లు. కుందేలు మాత్రం ఏ శబ్దమూ చేయదు. వెంట రావడానికి అనుమతి కూడా అడగదు. మాట్లాడని కొంగ సైతం బాలుడు ముందుకు కదిలితే తానుగా వెంట నడిచింది. కుందేలుకు ఆ ధైర్యమూ లేదు. బాలుడే భయపడవద్దని చెప్పి, కావాలంటే తన పక్కన నడవమంటాడు. పుస్తకం మొత్తంలో బాలుడు చొరవ తీసుకుని స్నేహహస్తం చాచిన సందర్భం ఇది ఒక్కటే. మిగిలినవి అతని దగ్గరికి వచ్చిన స్నేహాలు. ఇది అతడు ఎదురువెళ్లి చేసుకున్నది. మొదట చాటున దాగి ఉండి, ఒకరి పిలుపుతో బయటికి వచ్చిన ప్రాణి కుందేలు. అంటే దాగుడుమూతలు ఆటగా మొదలుకాకముందే, దాగడం – కనుగొనడం అనే చర్య ఒకసారి సౌమ్యంగా జరిగిపోయింది. ముగింపును అర్థం చేసుకోవడానికి ఈ చిన్న ఘట్టం తాళపుచెవి అని నా అభిప్రాయం.

4. కళ్లు మూయడం, తెరవడం

జంతువులు బాలుడి ఊహ, తండ్రి రాకతో ఊహ ముగిసింది అన్నది ఈ పుస్తకానికి తట్టే మొదటి వ్యాఖ్య. తరగతిగదిలో చెప్పడానికి ఇది అనుకూలంగా ఉంటుంది: కల్పన ఒకవైపు, వాస్తవం మరొకవైపు, నడుమ మెలకువ. కాని గ్రంథపాఠం దీనికి సహకరించదు. స్వప్నకథలో పాత్ర ముందు కళ్లు మూస్తుంది, కల నడుస్తుంది, చివర కళ్లు తెరుస్తుంది. ఈ కథలో బాలుడు కళ్లు మూసేది చివరలో, ఊరేగింపూ విందూ ఆటలూ అన్నీ జరిగిన తరువాత. అదికూడా నిద్రవల్ల కాదు, ఆట నియమం వల్ల. అతడు చూసినదంతా కళ్లు తెరిచి చూసినదే. మూసిన కళ్ల వెనుక జరిగినది ఒక్కటే, మిత్రులు అదృశ్యం కావడం. ఆ అదృశ్యానికి ఆట ముందుగానే ఒక అర్థం ఇచ్చి ఉంచింది. దాగుడుమూతలలో ఎవరూ కనబడకపోవడం ఆట చెడిందనడానికి గుర్తు కాదు, అందరూ నియమం పాటించారనడానికి గుర్తు. మరే ఆటలోనూ తోటివారి గైర్హాజరు ఆట సక్రమంగా సాగుతోందనడానికి రుజువు కాదు. అందుకే ‘అవన్నీ దాక్కున్నాయి’ అని బాలుడు చెప్పే జవాబు తప్పించుకొనే మాట కాదు; అతనికి అందుబాటులో ఉన్న సాక్ష్యంనుంచి వచ్చే న్యాయమైన నిర్ణయం.

మనోవిశ్లేషకులు ఈ ప్రాంతాన్ని ముందే తాకారు. 1920లో ఫ్రాయిడ్ తన ఏడాదిన్నర మనుమడు దారం కట్టిన కొయ్య కండెను మంచం అవతలికి విసిరి మళ్లీ లాక్కునే ఆటను వర్ణించి, తల్లి వెళ్లిపోవడాన్ని పిల్లవాడు తన వశంలోని ఆటగా మార్చుకున్నాడని వివరించాడు. కంటికి కనబడని వస్తువు కూడా ఉనికిలో ఉంటుందన్న జ్ఞానం పిల్లలకు క్రమంగా కలుగుతుందని పియాజె చూపాడు. ఈ పుస్తకానికి మరింత దగ్గరైనది విన్నికాట్ ఆలోచన: దాగి ఉండడంలో ఆనందం ఉంది, ఎవరూ కనుగొనకపోతే మాత్రం అది విపత్తు. ఈ ఆలోచనను ఎట్స్ ముగింపుకు అన్వయిస్తే ఒక విషయం తేటపడుతుంది. కనుగొనబడనివి జంతువులు, కనుగొనబడినవాడు బాలుడు. అతడు తనకు తెలియకుండానే మరొక పెద్ద ఆటలో దాగినవాడై ఉన్నాడు. ఆ ఆటలో వెతికేవాడు తండ్రి. వెతకవలసినవాడు కళ్లు తెరిచిన క్షణంలోనే తాను దొరికిపోయాడు. పుస్తకం మూసిన పిల్లవాడు ఎందుకు ఏడవడన్న ప్రశ్నకు సగం సమాధానం ఇక్కడ ఉంది.

మిగిలిన సగం తండ్రి మాటలో ఉంది. అడవిలో జంతువులేమిటి అని అతడు నవ్వలేదు. నాకూ కనిపిస్తున్నాయని నటించనూలేదు. పిల్లల ఊహకు పెద్దలు సాధారణంగా ఇచ్చే రెండు జవాబులు ఇవే. మొదటిది అవమానం, రెండవది అబద్ధం, రెండింటినీ పిల్లలు ఇట్టే పసికడతారు. తండ్రి ఆట నియమాన్ని ఒప్పుకుని గడువును మాత్రమే పొడిగించాడు. అతని వాక్యంలోని ‘బహుశా’ నిజాయితీగల మాట. మిత్రులు ఆగుతారని హామీ ఇచ్చే అధికారం తనకు లేదని అతనికి తెలుసు. సెండాక్ ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ (1963) ముగింపులో ఇంకా వేడిగా ఉన్న భోజనం ఇంటి ప్రేమకు సాక్ష్యమవుతుంది. ఆ పుస్తకం కీర్తి ముందు ఎట్స్ పుస్తకం వెలవెలబోయిన మాట వాస్తవమే. కాని సెండాక్ నాయకుడు మాక్స్ మృగాలకు రాజు; వాటిని విడిచి వస్తాడు. ఎట్స్ బాలుడు కాగితపు టోపీ పెట్టుకున్నా రాజు కాదు, ఎవరినీ విడిచి రాలేదు. ఆట మధ్యలో ఇంటికి పిలుపు వచ్చిన పిల్లవాడు.

5. ‘దొంగ’, ‘తల్లి’: అనువాద సమస్య

ఈ పుస్తకాన్ని తెలుగు చేయదలచినవారికి మొదటి చిక్కు ఆట పేరులో రాదు. దాగుడుమూతలు, దాక్కునే ఆట, పట్టణాల్లో ఐస్‌బాయ్ – ఏదైనా చెల్లుతుంది. చిక్కు పాత్రల పేర్లలో వస్తుంది. ఇంగ్లీషులో వెతికేవాణ్ణి ‘ఇట్’ అంటారు. అది పేరు లేని, లింగం లేని సర్వనామం. పుస్తకమంతా పేరులేని బాలుడికి చివరికి దక్కిన బిరుదు కూడా ఒక సర్వనామమే కావడం విశేషం. తెలుగులో వెతికేవాడు ‘దొంగ’. పంటలు వేసి చివరికి పండకుండా మిగిలినవాడు దొంగ అవుతాడు. లోకంలో దొంగ దాక్కుంటాడు, మిగిలినవారు వెతుకుతారు. తెలుగు ఆటలో దొంగే వెతుకుతాడు, దొరలందరూ దాక్కుంటారు. ఈ తారుమారును ఏ పిల్లవాడూ ప్రశ్నించడు. ‘దొంగ’ అనే మాటలోని నేరచ్ఛాయ బాలుడి స్నేహానికి మచ్చ తెస్తుందని కొందరు అనువాదకులు ‘వెతికేవాడు’ అని మార్చవచ్చు. అది అనవసరమైన జాగ్రత్త. ఆటలో ఆ మాటకు నేరం లేదు, వంతు మాత్రమే ఉంది. ‘నేను దొంగనయ్యాను’ అన్నది పిల్లలు నిజంగా పలికే వాక్యం. ‘నేను వెతికేవాణ్ణయ్యాను’ అన్నది పెద్దలు కూర్చిన వాక్యం.

అసలు భేదం మరొకచోట ఉంది. ఇంగ్లీషు ఆటలో వెతికేవాడు తన కళ్లు తానే మూసుకుని అంకెలు లెక్కపెడతాడు. తెలుగు సంప్రదాయంలో దొంగ కళ్లు మూయడానికి ప్రత్యేకంగా ఒకరు ఉంటారు. వారిని ‘తల్లి’ అంటారు. మా వీధిలో ఆ పాత్ర అరుగుమీద కూర్చుని బియ్యం ఏరుకునే ఒక అవ్వది. ఆవిడ వేళ్ల సందుల్లోంచి చూడడానికి మేము చేయని ప్రయత్నం లేదు. తల్లి దొంగ కళ్లు మూసి పాట పాడుతుంది, అందరూ దాక్కున్నారో లేదో కనుక్కుంటుంది, ఆపైన చేతులు తీస్తుంది. దాగినవారు దొంగకు చిక్కకుండా వచ్చి తల్లిని తాకితే గెలిచినట్లు. అంటే మన ఆటలో ఎవరు ఎక్కడ దాగారో తెలిసినవారు ఒకరు ఎప్పుడూ ఉంటారు. వారే గమ్యం కూడా. పెద్దలకు ఆటలో శాశ్వతమైన చోటు ఉంది.

ఈ ఆట ఆడి పెరిగిన పాఠకుడికి ఎట్స్ చివరి పుటలు భిన్నంగా కనిపిస్తాయి. బాలుడు కళ్లు తెరవగానే ఎదుట ఒక పెద్దమనిషి ఉండడం అమెరికన్ పాఠకుడికి అంతరాయం. బయటి లోకం ఆటలోకి చొరబడినట్లు. తెలుగు పాఠకుడికి అది ఆట నియమమే: కళ్లు తెరిచినప్పుడు పక్కన ఉండవలసిన మనిషి పక్కనే ఉన్నాడు. తండ్రి ఇక్కడ ‘తల్లి’ స్థానంలో నిలిచాడు. ఇది మూలరచయిత్రి ఉద్దేశించిన అర్థం కాదు, కాబట్టి అనువాదకుడు కళ్లు మూసే పాత్రను కొత్తగా కథలో చేర్చకూడదు. ‘దొంగ’ అన్న మాట వాడితే చాలు. మిగిలిన అర్థం పాఠకుడి అనుభవంనుంచి దానంతట అదే వచ్చి చేరుతుంది.

ఇదే సందర్భంలో చిన్న ముచ్చట. చివర బాలుడు వెతుకుతానని చెప్పడానికి వాడిన ఇంగ్లీషు క్రియ వేటాడడానికి కూడా వర్తించేదే. అడవి జంతువులతో ఆ మాట అనడంలో ఉన్న అపాయాన్ని ఆట హరించివేస్తుంది. తెలుగులో ‘వెతుకుతాను’ అంటే ఆ శ్లేష పోతుంది. కాని కథారంభంలోనే మనకు మరొక మాట సిద్ధంగా ఉంది – ‘షికారు’. పారసీకంలో వేట అని అర్థమిచ్చే ఈ మాట తెలుగులో నిరపాయమైన విహారంగా మారింది. ‘అడవికి షికారు వెళ్లాను’ అన్నప్పుడు వేట విహారంగా మారిన చరిత్ర అంతా ఆ ఒక్క మాటలో ఇమిడి ఉంటుంది. ఒకచోట పోయిన శ్లేష మరొకచోట దొరకడం అనువాదకులకు అరుదుగా దక్కే అదృష్టం.

6. చల్దుల ఘట్టం

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ కథ చదువుతుండగానే మరొక అడవి మనసులో మెదలుతుంది. భాగవత దశమస్కంధంలో బాలకృష్ణుడు ఉదయాన్నే కొమ్ముబూర పూరించి తోటి గోపబాలురను మేల్కొలుపుతాడు. చల్దికావడులతో, లేగలతో అందరూ అడవికి బయలుదేరతారు. దారిపొడవునా పక్షులనూ జంతువులనూ అనుకరిస్తూ ఆడతారు. అఘాసుర సంహారం తరువాత యమునాతీరంలో కూర్చుని చల్దులు ఆరగిస్తారు. ఇంతలో లేగలు కనబడవు. వెతకడానికి వెళ్లిన కృష్ణుడు తిరిగి వచ్చేసరికి మిత్రులు కూడా కనబడరు. బ్రహ్మ వారిని దాచాడు. బూర, ఊరేగింపు, ఆటలు, వనభోజనం, మిత్రుల అదృశ్యం – వరుస కొంచెం మారినా ఘటనలు ఆశ్చర్యకరంగా సరిపోతాయి. ఎట్స్ భాగవతం చదివిందని నేను అనడం లేదు. ప్రభావనిరూపణ ఇక్కడ ఉద్దేశమూ కాదు. బాల్యస్నేహాన్ని అడవిలో ఊహించిన రెండు భిన్న సంస్కృతులు ఒకే చోట, భోజనం ముగిసీ ముగియని వేళ, మిత్రులను మాయం చేయడం గమనించదగినది.

ఆపై రెండు కథలూ విడిపోతాయి. కృష్ణుడు ఖాళీని ఉండనివ్వడు. తానే అందరు బాలురుగా, లేగలుగా మారి సాయంత్రం ఇళ్లకు చేరతాడు; ఏడాదిపాటు ఏ తల్లికీ తెలియదు. పెద్దలకు దుఃఖం కలగకుండా చూడడం అక్కడి లీల. ఎట్స్ కథలో ఖాళీ ఖాళీగానే ఉంటుంది. తండ్రి వచ్చాడు కాని మిత్రుల స్థానాన్ని భర్తీ చేయలేదు. తానే వారైపోవడానికి ప్రయత్నించలేదు. మనిషికి సాధ్యమైనది అంతవరకే: లేని చోటును గుర్తించి, అది దాగిన చోటేనని ఒప్పుకోవడం.

భాగవత కథలో చివర ఇంకొక వివరం ఉంది. బ్రహ్మ గర్వం అణిగి బాలురు మళ్లీ ప్రత్యక్షమైనప్పుడు వారికి ఏడాది గడిచినట్లే తెలియదు. కృష్ణుడు అరక్షణం పక్కకు వెళ్లి వచ్చాడనుకుంటారు. నువ్వు లేకుండా మేము ఒక్క ముద్దయినా తినలేదని చెబుతారు. మిత్రులు ఆగారు! ఎట్స్ కథలోని తండ్రి ‘బహుశా’ అని ఊరుకున్న చోట భాగవతం ‘అవును’ అంటుంది. రెండింటిలో ఏది గొప్ప అన్న ప్రశ్న నాకు నిరర్థకంగా తోస్తుంది. కాని మన విద్యార్థులకు ఈ అమెరికన్ పుస్తకాన్ని బోధించవలసి వస్తే, మెలకువ–కల అనే ద్వంద్వంకంటె చేతిలో ముద్ద పట్టుకుని మిత్రుడి కోసం ఆగిన ఆ పిల్లల దృశ్యం ఎక్కువ ఉపయోగపడుతుంది.

7. మరోనాడు

తొమ్మిదేళ్ల తరువాత, 1953లో, ఎట్స్ అదే బాలుణ్ణి ‘అనదర్ డే’ పేరుతో మళ్లీ అడవికి పంపింది. తండ్రి ఊహించినట్లే జంతువులు అక్కడ ఉన్నాయి. అయితే ఆగిపోయిన ఆటనుంచి కథ అందుకోలేదు. జంతువులు సభ తీర్చి, ఎవరికి ఏమి చేతనవునో ఒక్కొక్కటిగా ప్రదర్శిస్తాయి. బాలుడి వంతు వచ్చినప్పుడు అతడు నవ్వుతాడు. అది తమలో ఎవరికీ చేతకాదని జంతువులు ఒప్పుకుంటాయి. నవ్వు మనిషి ప్రత్యేకత అన్న ఈ ముక్తాయింపు అందమైనదే అయినా, మొదటి పుస్తకంలో సమానులుగా నడిచినవారి మధ్య ఒక గీత గీసినట్లు నాకు తోస్తుంది. దాగుడుమూతలలో ఎవరి ప్రత్యేకతా లెక్కకు రాదు; దాగడం, వెతకడం అందరికీ వచ్చు.

ఎట్స్ ఈ సమస్యను మరింత లోతుగా పరిశీలించినది ‘ప్లే విత్ మీ’ (1955)లో. ఒక చిన్నపాప గడ్డిమైదానంలో మిడతనూ కప్పనూ తాబేలునూ ఆటకు పిలుస్తూ దగ్గరికి వెళుతుంది; ప్రతి ప్రాణీ పారిపోతుంది. అలసి ఆమె చెరువు పక్కన రాతిమీద చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. అప్పుడు పారిపోయినవన్నీ ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి. చివరికి ఒక జింకపిల్ల వచ్చి ఆమె చెంప నాకుతుంది. ‘ఇన్ ద ఫారెస్ట్’లో కొత్త బూర ఊది మిత్రులను పోగుచేసిన బాలుడి పద్ధతి ఇక్కడ తిరగబడింది. ఇప్పుడు నడుస్తున్నది ఆ ఊరేగింపులో ఏ శబ్దమూ చేయని కుందేలు పద్ధతి. మొదటి పుస్తకంలో దాగినవారిని వెతకడం మరోనాటికి వాయిదా పడింది. ఈ పుస్తకంలో ఆ పాప వెతకడమే మానుకుని కూర్చుంది. దాగినవారు తమంతట తామే బయటికి వచ్చారు.